జపాన్ పల్లె గుడి ఎవరిది?

జపాన్ వెళ్లొచ్చిన తెలుగువాళ్ల ఫొటోల్లో కనిపించే, జపాన్ సంప్రదాయ మతమైన షింతో గుళ్లు దాదాపు ఎప్పుడూ అవే. క్యోటోలో ఎర్రటి తోరణాల బారుతో ఫుషిమి ఇనారి, టోక్యోలో మేజీ జింగు, హిరోషిమా దగ్గర సముద్రపు నీళ్లలో నిలబడ్డ ఇత్సుకుషిమా. వాటిలో పూజారులుంటారు, తాయెత్తుల కౌంటర్లుంటాయి, ఇంగ్లీషు బోర్డులుంటాయి. కానీ ఆ దేశంలో జింజాలు, అంటే షింతో గుళ్లు, సుమారు 80 వేలు. సందు సందుకీ కనిపించే కన్వీనియెన్స్ స్టోర్లు కూడా 50 వేల పైచిలుకే. పేరున్న గుళ్లు పోగా మిగిలినవన్నీ ఎక్కడున్నాయంటే, వరి పొలాలు అయిపోయి కొండ మొదలయ్యే చోట, రేవు దగ్గర, పల్లె వెనక దేవదారు లాంటి పొడవాటి సుగి చెట్ల గుంపులో.

అలాంటి గుడికి మొదటిసారి వెళ్లినవాళ్లకి పాలుపోదు. విగ్రహం కనపడదు. పూజారి ఉండడు. తెరిచే వేళలు, మూసే వేళలు రాసి ఉండవు. హుండీ ఉంటుంది గానీ కాపలా ఉండదు. పాడుబడిందేమో అనుకుందామంటే మెట్ల మీద ఒక్క ఆకు కూడా ఉండదు, ఎవరో పొద్దున్నే ఊడ్చేసి వెళ్లారు. చీపురు ఆ మూల గోడకి ఆనించే ఉంటుంది.

ఇక్కడ మనకి అలవాటుగా వచ్చే ప్రశ్న "ఇది ఏ దేవుడి గుడి?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే పల్లె జింజా అర్థం కాదు. "ఇది ఎవరి గుడి?" అని అడగాలి. గత నూట యాభై ఏళ్లలో ఈ గుళ్లకి జరిగిన మంచీ చెడూ అంతా ఆ రెండో ప్రశ్న చుట్టూ తిరిగిందే.

ముందు గుడి లోపలికి వెళ్దాం. మెట్ల కింద తోరీ అనే ద్వారం, ఎక్కువగా రాతిది. దాని ముందు ఆగి తల వంచి అడుగు పెడతారు. దారి నడిమధ్యన కాకుండా ఓ పక్కగా నడవడం మర్యాద, మధ్య దారి దేవుడిది. నీళ్ల తొట్టి దగ్గర ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని, దోసిట్లోకి పట్టిన నీళ్లతో నోరు పుక్కిలిస్తారు. కరోనా తర్వాత చాలా చోట్ల గరిటెలు తీసేశారు. పల్లెల్లో తొట్టి ఎండిపోయి ఉండటమూ మామూలే. అక్కడ్నుంచి రెండు పక్కలా కోమాయిను అనే రాతి సింహాలు, ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసుకుని. ఆ తర్వాత హైదెన్ అనే మండపం, హుండీ, పైన గంట, దానికి వేలాడే లావుపాటి తాడు. నాణెం వేసి, గంట మోగించి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, దణ్ణం పెట్టుకుని మళ్లీ ఒకసారి వంగుతారు. ఈ పద్ధతి అనాదిగా వస్తోందని చాలామంది నమ్మకం. దేశమంతటా ఒకే తీరుగా స్థిరపడింది మాత్రం 1868లో మొదలైన మేజీ కాలం తర్వాతే. ఇజుమో, ఉసా గుళ్లలో ఇప్పటికీ నాలుగు చప్పట్లు కొడతారు.

మండపం వెనక హోందెన్, అంటే గర్భగుడి. దాని తలుపు మూసే ఉంటుంది. లోపల గోషింతాయి ఉంటుంది, దేవుడు వచ్చి నిలిచే వస్తువు. అది అద్దం కావచ్చు, కత్తి కావచ్చు, మామూలు రాయి కావచ్చు. గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టిన దాన్ని పూజారి కూడా విప్పి చూడడు. నారా దగ్గరున్న ఓమివా జింజాకైతే హోందెనే లేదు, వెనకున్న మివా కొండే దేవుడు. కాబట్టి దర్శనం కోసం వెళ్లినవాళ్లకి అక్కడ దొరికేదేమీ లేదు. ఇంట్లో చావు జరిగితే కొన్నాళ్లు గుడి మెట్లెక్కరు. మైల పట్టింపు బలంగానే ఉంది, సాధారణంగా 50 రోజులు. పసిబిడ్డని మొదట తీసుకొచ్చేది జింజాకి, చనిపోయాక కర్మకాండలు బౌద్ధ ఆలయంలో. ఒకే మనిషి ఈ రెండింటికీ చెందుతాడు, పైగా సర్వేలో అడిగితే "నాకు మతం లేదు" అంటాడు. మాట మార్చడం కాదది. ఊరి గుడికి వెళ్లడాన్ని అతను మతం కింద లెక్కేయడు, ఊళ్లో ఉండటం కింద లెక్కేస్తాడు.

సరే, ఏ దేవుడు? తోరీ పక్కనో మండపం పక్కనో ఒక చెక్క బోర్డు ఉంటుంది. ఫోన్లో అనువాదం యాప్ తెరిచి చదివితే ఒక్క పేరు ఉండదు, మూడు, నాలుగు, ఒక్కోసారి పది. ఆ పట్టిక వెనక రెండు ప్రభుత్వ ఉత్తర్వుల చరిత్ర ఉంది.

మొదటిది 1868 నాటిది. అప్పటికి వెయ్యేళ్లకు పైగా జపాన్‌లో బుద్ధుడు, కామి అనే స్థానిక దేవుళ్లు ఒకే ఆవరణలో కలిసి ఉన్నారు. జింజాలో బౌద్ధ సన్యాసులు మంత్రాలు చదివేవాళ్లు, బుద్ధ విగ్రహం పక్కనే కామికి నైవేద్యం పెట్టేవాళ్లు. చక్రవర్తి పేరు మీద కొత్తగా వచ్చిన మేజీ ప్రభుత్వం రెండింటినీ విడదీయమంది. దానికోసం గుళ్లన్నీ వెతికి, బౌద్ధానికి చెందింది అనిపించిన ప్రతిదాన్నీ బయట పెట్టించింది. ఊళ్లలో కొందరు మరీ ముందుకెళ్లి విగ్రహాలు విరగ్గొట్టారు, గంటలు కరిగించారు.

ఇందులో మనకి నేరుగా సంబంధం ఉన్న ముక్క ఒకటుంది. బౌద్ధంతో పాటు భారతదేశం నుంచి వెళ్లిన దేవతలు అప్పటికి జపాన్ పల్లెల్లో పూర్తిగా స్థిరపడిపోయారు. సరస్వతి అక్కడ బెంజైతెన్, వీణకు బదులు బివా అనే తంత్రీ వాద్యం పట్టుకుని చెరువు గట్ల మీద, ద్వీపాల్లో కొలువుండే అమ్మ. ఉత్తర్వుతో ఆవిడ బౌద్ధ దేవత కింద తేలింది. చాలా ఊళ్లలో గుడి అదే, చెరువు అదే, బోర్డు మీద పేరు మాత్రం ఇచికిషిమాహిమె అనే జపాన్ పురాణ దేవతది అయింది. షికోకు ద్వీపంలో నావికుల దేవుడైన కొంపిరా, సంస్కృతంలో కుంభీరుడు, గంగానదిలోని మొసలి దేవుడు. ఆయన గుడి కొతోహిరా-గూగా మారి, అక్కడి ప్రధాన దైవం ఓమోనోనుషి అని రాశారు. జేతవన విహారాన్ని కాచే దేవుడిగా పేరుబడ్డ గోజు తెన్నో, అంటువ్యాధుల నుంచి ఊళ్లని కాపాడేవాడు, జపాన్ పురాణాల్లోని సుసానోవొ అయిపోయాడు. క్యోటోలో ఆయన గుడి గియోన్-షా పేరు పోయి యాసకా జింజా అయింది కూడా ఆ ఏడాదే.

నాకు ఈ కథలో దేవుళ్ల పేర్లకన్నా ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది. ప్రభుత్వ ఆజ్ఞతో దేవుడు మారిపోయాడు గానీ, ఆ గుడి ఊడ్చే ఇళ్లు మారలేదు. పండగ తేదీ చాలాచోట్ల అదే, చెరువు గట్టున దణ్ణం పెట్టే ముసలమ్మ ఆ తర్వాత కూడా "బెంతెన్ సామా" అనే పిలిచింది. ఎంతోమంది ఇప్పటికీ అలాగే పిలుస్తారు. పేరు ప్రభుత్వానిది, గుడి ఊరిది. ఊళ్లు ఆ మార్పుని అలా తట్టుకున్నాయి.

రెండో ఉత్తర్వు ఆ ఊరి హక్కు మీదే పడింది. 1871లోనే ప్రభుత్వం జింజాలన్నీ రాజ్య కర్మకాండకు చెందినవని ప్రకటించి, వాటికి అంచెలు పెట్టి, వంశపారంపర్య పూజారి పదవుల్ని రద్దు చేసింది. అంచెలో ఉన్న గుడికి ప్రభుత్వం తరఫున కానుకలు పంపాలి. లక్షలాది చిన్న గుళ్లకి పంపడం ఎలా? 1906లో హోం శాఖ దీనికి పరిష్కారంగా గుళ్ల విలీనం మొదలుపెట్టింది. ఒక గ్రామానికి ఒక గుడి చాలు, తగినంత ఆస్తి లేని గుళ్లని పెద్దదానిలో కలిపేయాలి. అప్పటికే పరిపాలన కోసం పాత పల్లెల్ని కొన్నింటిని కలిపి ఒక్కో "గ్రామం" చేసేసి ఉన్నారు. అంటే నాలుగైదు పల్లెల దేవుళ్లు ఒకే గుడికి చేరాల్సిందే. దేశంలో అప్పుడున్న సుమారు 2 లక్షల జింజాల్లో 1914 నాటికి దాదాపు 70 వేలు పోయాయి. అమలు ప్రిఫెక్చర్ల, అంటే మన రాష్ట్రాల్లాంటి ప్రాంతాల, గవర్నర్ల చేతిలో ఉండటంతో ఒక్కో చోట ఒక్కోలా సాగింది. ఇసె మహాలయం ఉన్న మియె ప్రిఫెక్చర్‌లోనే పదింట తొమ్మిది గుళ్లు మూతపడ్డాయి. బోర్డు మీద పది పేర్లు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. అందులో తొమ్మిది, ఇల్లు పోగొట్టుకుని వచ్చిన దేవుళ్లవి.

దీన్ని ఎదిరించిన మనిషి మినకతా కుమగుసు. 1867లో వకయమలో పుట్టాడు. అమెరికా, లండన్ తిరిగి, బ్రిటిష్ మ్యూజియంలో చదువుకుని, "నేచర్" పత్రికకి వ్యాసాలు రాసి 1900లో స్వదేశం చేరాడు. తనబె పట్నంలో స్థిరపడి బంక బూజుల మీద పరిశోధన చేస్తుండేవాడు. అవి కుళ్లిన మానుల మీద, తేమ నేలలో పెరిగే అతి సూక్ష్మమైన జీవులు. వాటికి కావాల్సిన పాత అడవి ఆ ప్రాంతంలో మిగిలింది గుడి తోపుల్లోనే. దేవుడి చెట్లని ఎవరూ నరకరు కాబట్టి వందల ఏళ్ల అడవి ముక్కలు ముక్కలుగా ప్రతి జింజా వెనకా బతికి ఉంది. గుడి విలీనమైందంటే ఆ స్థలానికి దేవుడు లేడు. దేవుడు లేకపోతే ఆ సుగి మానులు కలప. విలీనాల జోరుకి కలప వ్యాపారం ఎంత తోడయిందో ఆయన కళ్లారా చూశాడు.

1909 నుంచి ఆయన పత్రికల్లో రాయడం మొదలుపెట్టాడు. 1910లో తనబెలో విలీనాల్ని సమర్థించే అధికారి హాజరైన సభలోకి దూసుకెళ్లి గొడవ చేసి, 18 రోజులు జైల్లో ఉన్నాడు. వకయమ గవర్నర్‌కి 1911లో రాసిన ఉత్తరంలో "ఎకాలజీ" అనే మాట వాడాడు. చెట్టూ, నాచూ, పురుగూ, మనిషీ ఒకదాన్నొకటి పట్టుకుని ఎలా ఉన్నాయో చెప్పే శాస్త్రం అది, గుడి తోపు దానికి ఉదాహరణ అని వివరించాడు. ఆ ఏడాదే జానపద పరిశోధకుడు యనగితా కునియో ఆయన ఉత్తరాలని పుస్తకంగా అచ్చు వేయించి పెద్దలకి పంచాడు. కుమగుసు వాదనలో నాకు బాగా నచ్చేది, ఆయన చెట్ల దగ్గర ఆగకపోవడం. గుడి దూరమైతే ముసలివాళ్లు, పిల్లలు రాలేరు. పండగకి కలుసుకోవడం పోతే ఊళ్లో ఒకరికొకరు సర్దుకుపోవడం పోతుంది. చిన్న వర్తకాలు పోతాయి. పాత కథలు, తేదీలు, ఊరి జ్ఞాపకం పోతాయి. దేశభక్తి పెంచడానికే గుళ్లు కలుపుతున్నామన్న ప్రభుత్వానికి ఆయన జవాబు, తన ఊరి మట్టి మీద ప్రేమ చంపేశాక దేశం మీద ప్రేమ ఎక్కణ్నుంచి వస్తుందని.

1920లో ఎగువ సభ విలీనాల వల్ల ప్రయోజనం లేదని తీర్మానించింది. అప్పటికి చాలా పోయింది. మిగిలిందేమిటో చూడాలంటే కుమానో కోదో అనే పాత యాత్రా మార్గంలో త్సుగిజకురా-ఓజీ దగ్గర ఆగాలి. ఇప్పుడది తనబె పరిధిలోని నోనకా అనే పల్లె. రోడ్డు పక్కన నిటారుగా మెట్లు, పైన చిన్న గుడి, మెట్లకి రెండు వైపులా దిగ్భ్రమ కలిగించే లావున్న సుగి చెట్లు. తల ఎత్తి చూస్తే వాటి కొమ్మలన్నీ ఒకే దిక్కుకి, దక్షిణానికి తిరిగి ఉంటాయి. నాచి జలపాతం వైపు మొక్కుతున్నాయని యాత్రికులు చెప్పుకునేవాళ్లు. ఒకప్పుడు ఆ తోపులో నలభై దాకా ఉండేవి. కుమగుసు పట్టుబట్టి ఆపించిన తర్వాత నరకకుండా దక్కినవి పది లోపే. కింద నోనకా ఊట నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి, నడిచి వచ్చినవాళ్లు సీసాలు నింపుకుంటారు. ఈ దారి 2004లో యునెస్కో జాబితాలోకి వెళ్లింది. విదేశీ యాత్రికులు ఫొటో తీసుకునే ఆ చెట్లు, ప్రభుత్వం దృష్టిలో ఒకప్పుడు అమ్ముకోదగ్గ కలప.

ఇంతకీ ఊరిది అంటే ఊళ్లో ఎవరిది? గుడి పరిధిలో ఉన్న ఇళ్లవాళ్లని ఉజికో అంటారు. మన పోలేరమ్మ కొలుపుకి ఊరంతా చందా వేసుకున్నట్టే, ఉజికో ఇళ్లు ఏటా కొంత డబ్బు వేసుకుంటాయి. వాళ్లలో పెద్దల్ని ప్రతినిధులుగా ఎన్నుకుంటారు. ఊడ్వడం, గడ్డి కోయడం, కొత్త సంవత్సరానికి వరి గడ్డితో షిమెనావా అనే లావు తాడు పేని కట్టడం వంతులవారీగా సాగుతుంది. రాతి కంచె స్తంభాల మీద దాతల పేర్లు చెక్కి ఉంటాయి. నైవేద్యం బియ్యం, సాకె అనే బియ్యపు మద్యం, ఉప్పు, నీళ్లు, కూరగాయలు, ఎండబెట్టిన సముద్రపు నాచు, తలతో సహా పెట్టిన పచ్చి చేప. పూజ అయ్యాక ఆ సాకె, ఆ తిండి అందరూ కూర్చుని పంచుకుంటారు. నావొరాయ్ అనే ఆ భోజనం లేకుండా పండగ పూర్తి కాదు.

పూజారి సంగతి వేరు. దేశం మొత్తం మీద షింతో పూజారులు 20 వేల పైచిలుకు. పెద్ద గుళ్లలో పదుల మంది ఉంటారు కాబట్టి పల్లెలకి మిగిలేది కొద్దిమందే. ఒకరే ఇరవై, ముప్పై గుళ్లు చూసుకునే చోట్లున్నాయి. మిగతా రోజుల్లో ఆయన స్కూల్ టీచరో, మున్సిపల్ ఉద్యోగో అయి ఉంటాడు. పండగ రోజు కార్లో వచ్చి, దుస్తులు మార్చుకుని, మంత్రం చదివి, ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. గుడి ఆయనదీ కాదన్నమాట.

చట్టం ప్రకారం ఎవరిది? 1945 డిసెంబర్‌లో అమెరికా ఆక్రమణ అధికారులు షింతోకి రాజ్యంతో బంధం తెంచారు. 1946లో గుళ్లు జింజా హోంచో అనే సంఘంగా ఏర్పడ్డాయి. 1947లో అమలైన రాజ్యాంగం మతానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వకూడదంది. యుద్ధకాలంలో చక్రవర్తి పేరుతో జింజాల్ని ఎలా వాడుకున్నారో గుర్తుంటే, ఆ నిషేధం ఎందుకంత కఠినంగా రాశారో అర్థమవుతుంది. కానీ అది పల్లెలో ఎలా చిక్కుముడి పడిందో హొక్కైదోలోని సునగావా పట్నం కేసు చూపిస్తుంది. అక్కడి సొరచిబుతో జింజాని వలస రైతులు కట్టుకున్నారు. స్కూలు విస్తరణకి స్థలం కావాల్సి వచ్చి గుడి జరపాల్సి వస్తే, ఊరివాడొకరు తన భూమి ఇచ్చాడు. పన్ను భారం తప్పించుకోడానికి 1953లో ఆ భూమిని పట్నానికి దానం చేశాడు, గుడి ఉచితంగా ఉండేటట్టు. తర్వాత అదే స్థలంలో కమ్యూనిటీ హాలు కట్టారు, గుడి హాల్లోకి చేరింది. ఒక వైపు సమావేశాలు, ఇంకో వైపు దేవుడు, బయట తోరీ. ఏ ఒక్కరూ కుట్ర చేయలేదు, అవసరాన్నిబట్టి సర్దుకుంటూ పోయారు. స్థానికులు కొందరు కోర్టుకెళ్లగా, 2010 జనవరి 20న సుప్రీంకోర్టు పట్నం భూమిని గుడికి ఉచితంగా ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అయితే కూల్చేయమనలేదు. కూల్చితే ఉజికోల మతస్వేచ్ఛ దెబ్బతింటుంది, వేరే దారి చూడమంది. చివరికి పట్నం కొంత స్థలాన్ని అద్దెకి ఇచ్చింది. తీర్పు సరైనదే అని నా అభిప్రాయం. అన్ని దశాబ్దాలు ఎవరికీ ఇబ్బంది అనిపించలేదన్నది చట్టానికి సమాధానం కాదు, ఆ ఊళ్లో ఆ దేవుణ్ని నమ్మనివాళ్లూ పన్ను కడతారు. కానీ ఉజికో బృందానికి చట్టంలో ఉనికే లేకపోవడం వల్లే వ్యవహారం ఇంతదాకా వచ్చిందని కూడా గుర్తించాలి.

ఇప్పుడు ఊళ్లే ఖాళీ అవుతున్నాయి. సగం మందికి పైగా 65 దాటిన పల్లెల్లో మికోషి అనే దేవుడి పల్లకిని మోసేవాళ్లు లేక చిన్న ట్రక్కు మీద ఊరేగిస్తున్నారు. కోత యంత్రాలు గడ్డిని ముక్కలు చేసేస్తాయి కాబట్టి తాడు పేనడానికి పొడవాటి గడ్డి దొరకడం కష్టమైంది. కొన్నిచోట్ల ప్లాస్టిక్ తాడు కడుతున్నారు. తుపానుకో భూకంపానికో గుడి పడిపోతే నలుగురు ముసలివాళ్లు చందా వేసుకుని కట్టలేరు, ప్రభుత్వం నేరుగా ఇవ్వలేదు. 2016 కుమమోతో భూకంపం తర్వాత పునర్నిర్మాణ నిధి నుంచి ఊరి గుళ్లకి సాయం చేసే వీలు కల్పించారు, జనం కలుసుకునే చోటు అన్న లెక్కలో. 2024 జనవరి 1న, జనమంతా కొత్త సంవత్సరపు దణ్ణాలకి గుళ్లకి వెళ్లే రోజున, నోటో ద్వీపకల్పం కంపించి తోరీలు, మండపాలు కూలిపోయినప్పుడు అవే ప్రశ్నలు తిరిగొచ్చాయి. పూర్తిగా ఖాళీ అయిన ఊళ్లలో మళ్లీ విలీనాలే జరుగుతున్నాయి, ఈసారి ఏ మంత్రీ ఉత్తర్వు ఇవ్వకుండానే.

కాబట్టి వెళ్లేవాళ్లు వీలైతే పండగ రోజు చూసుకుని వెళ్లండి. మామూలు రోజున కట్టడం చూస్తారు, పండగ రోజున గుడి చూస్తారు. మియజకి ప్రిఫెక్చర్‌లోని తకచిహోలో నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా ఒక్కో పల్లెలో ఒక్కో రాత్రి యొకగురా అనే దేవుడి నృత్యం జరుగుతుంది. దేవుణ్ని గుడి నుంచి ఒక ఇంటికో, ఈమధ్య ఎక్కువగా కమ్యూనిటీ హాలుకో తీసుకొచ్చి, తెల్లవార్లూ 33 ఘట్టాలు ఆడతారు. ఆడేది వృత్తి కళాకారులు కాదు, ఆ ఊరి రైతులు, ఉద్యోగులు. తెల్లారబోతుండగా గుహలో దాక్కున్న సూర్యదేవత అమతెరాసుని బయటికి రప్పించే ఘట్టం వస్తుంది. తకచిహో జింజాలో రోజూ రాత్రి 8 గంటలకి నాలుగు ఘట్టాలతో గంట ప్రదర్శన టికెట్ మీద చూడొచ్చు, బాగానే ఉంటుంది. పల్లెలో జరిగేదానికి టికెట్ లేదు. షోచూ అనే మద్యం సీసానో, కవర్లో పెట్టిన డబ్బో కానుకగా ఇస్తారు, ఇచ్చినవాళ్ల పేరు కాగితం మీద రాసి గోడకి అంటిస్తారు. తెలుగులో కాదు, కతకనా లిపిలో, వాళ్లకి వినపడినట్టు. వెచ్చటి బట్టలు వేసుకెళ్లండి, నృత్యం జరిగే చతురస్రంలోకి అడుగు పెట్టకండి, ఫ్లాష్ వాడే ముందు అడగండి. అర్ధరాత్రి ఎవరైనా పళ్లెం మీ వైపు జరిపి తినమంటే మొహమాటపడకుండా తీసుకోండి, మాంసం, చేప తినని వాళ్లయితే ముందే చెప్పండి.